గోల సెట్టింగ్

"ప్రియమైన తల్లిదండ్రులకు" అని స్కూలు వాట్సాప్ గ్రూపులో మెసేజి మొదలైందంటే మా ఇంట్లో మిగతాది ఎవరూ చదవరు, పర్సు వెతుకుతారు. మొన్నటి మెసేజి సారాంశం ఇది. పిల్లలకు జీవితంలో లక్ష్యం పెట్టుకోవడం ఎలాగో, నలుగురితో కలిసి పనిచేయడం ఎలాగో ఆటల ద్వారా నేర్పుతారట. శనివారం ఉదయం తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా. తలకు 600 రూపాయలు. అందులోనే ఒక టీషర్టు, ఒక టోపీ, ఒక సమోసా, ఒక సర్టిఫికెట్. "ఇష్టమున్నవారే పాల్గొనవచ్చు" అని ఒక లైను. దాని కిందనే "రానివారికి ఆబ్సెంట్ వేయబడును" అని ఇంకో లైను.

మనవడు ఎనిమిదో తరగతి. వాడి అమ్మానాన్నలకు శనివారం కూడా ఆఫీసే. పిల్లవాడి వెంట ఇంటినుంచి ఒక పెద్ద రావచ్చు, కానీ వాళ్ళకు సమోసా ఉండదు అన్నారు. నేను వెళ్ళాను.

నా గురించి ఒక ముక్క చెప్పాలి. నేను హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో 30 ఏళ్ళు గోడ వెనక పనిచేసి రిటైరైనవాణ్ణి. ఏ గోడ అని అడక్కండి. డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్, బీడీఎల్, మిధాని, ఇక్కడ రక్షణ సంస్థల గోడలకేం తక్కువ లేదు. లోపల ఏం చేశావని అడిగినా చెప్పను, చెప్పనని సంతకం పెట్టి వచ్చాను. గురి, జట్టు, గడువు అనే మూడు మాటలు మాత్రం ఆ గోడ వెనక రోజూ మూడు పూటలా విన్నాను. వాటినే మూడు గంటల్లో, సమోసాతో కలిపి 600 రూపాయలకు ఇస్తున్నారంటే చూసి తీరాలనిపించింది.

ఆటలు స్కూల్లో కాదు. స్కూలుకు ఒకప్పుడు మైదానం ఉండేది. దాంట్లో సగం మీద కొత్త బ్లాకు లేచింది, మిగతా సగంలో పసుపు బస్సులు నిలబడతాయి. 2009 నాటి విద్యాహక్కు చట్టం అనుబంధంలో బడికి ఉండి తీరవలసినవాటిలో ఆటస్థలం కూడా ఉంది. మా బడి చట్టాన్ని అతిక్రమించే బడి కాదు. ప్రాస్పెక్టస్‌లో ఆటస్థలం ఉంది. రంగుల్లో, అర పేజీ.

టైంటేబుల్లో పీటీ పీరియడ్ కూడా ఉంది, వారానికి రెండు. ఆ గంట కొట్టగానే లెక్కల సార్ లోపలికి వస్తాడు. మరి పీటీ సార్ ఏం చేస్తాడంటారా? ఎండాకాలం సెలవుల్లో ఇల్లిల్లూ తిరిగి అడ్మిషన్ల కరపత్రాలు పంచుతాడు. బడి తెరిచాక పొద్దునా సాయంత్రం బస్సులు రివర్స్ చేయిస్తాడు. ఆయన మెడలో విజిల్ ఇంకా ఉంది. అది ఊదితే పిల్లలు పరుగెత్తరు, బస్సులు వెనక్కి వస్తాయి.

అలా మైదానం మీద బస్సులు, పీటీ పీరియడ్ మీద లెక్కలు పెట్టేశాక, పిల్లలు కలిసి ఆడుకోవడం మరిచిపోతున్నారని యాజమాన్యం వారికి బెంగ పుట్టింది. దాహంగా ఉందన్నవాడికి బావి పూడ్చి బాటిలు అమ్మినట్టు, ఈ శిబిరం.

వేదిక ఒక ఫంక్షన్ హాలు. ముందు రోజు రాత్రి అక్కడ వలీమా జరిగినట్టుంది. వేదిక మీద ఎర్ర మఖ్మల్ కుర్చీలు రెండూ అలాగే ఉన్నాయి, పూల తెర సగం వాడి వేలాడుతోంది. బిర్యానీ వాసన గోడలు వదల్లేదు. నవ దంపతులు కూర్చున్న ఆ కుర్చీల ముందు ట్రైనర్ గారు నిలబడ్డారు. బుగ్గ మీద మైకు, కాళ్ళకు తెల్ల బూట్లు. కార్డు మీద "జీవన పథ నిర్దేశకులు" అని ఉంది. పేరు ఎందుకులెండి. అలాంటివారు ఊరికొకరున్నారు.

"గుడ్ మార్నింగ్ ఛాంపియన్స్!" అన్నారాయన.

పిల్లలు చెప్పారు.

"వినపడలేదూ!"

ఇంకా గట్టిగా చెప్పారు. "ఇంకా వినపడలేదూ!" అన్నారు. నాలుగోసారికి గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి తొంగిచూశాడు, ఏమైందోనని. నలభై మంది ఎనిమిదో తరగతి పిల్లల అరుపు వినపడని మనిషి వాళ్ళు చెప్పేది ఏం వింటాడని నాకొక సందేహం. ఆ పూటంతా సందేహంగానే మిగిలింది.

తెర మీద మొదటి బొమ్మ పడింది. 1953, యేల్ యూనివర్సిటీ. ఆ ఏడు చదువు ముగించిన పిల్లల్లో 3 శాతం మందే తమ లక్ష్యాలు కాగితం మీద రాసుకున్నారట. 20 ఏళ్ళ తరవాత లెక్క తీస్తే ఆ 3 శాతం మంది సంపాదన తక్కిన 97 శాతం మంది సంపాదనను మించిపోయిందట. హాలంతా "వావ్" అంది. అనమని తెర మీదే రాసి ఉంది.

ఆ అధ్యయనం జరగలేదు. నేను కనిపెట్టిన సంగతి కాదిది. 1996లో అమెరికాలో ఫాస్ట్ కంపెనీ అనే పత్రిక ఈ కథ ఎక్కడ పుట్టిందో ఆరా తీసింది. ఒక ప్రసంగాల గురువును అడిగితే ఇంకో గురువును చూపించాడు, ఆ గురువు మరో గురువును చూపించాడు. చివరికి యేల్ వాళ్ళను అడిగితే అలాంటి అధ్యయనమే మా దగ్గర లేదన్నారు. కథా లేదు, కాకరకాయా లేదు. అయినా ఆ కాకరకాయ సముద్రాలు దాటి కంచన్‌బాగ్ ఫంక్షన్ హాలు దాకా పాకింది. ఈ విషయం మీద నిజం పరిశోధనలు లేవా అంటే బోలెడున్నాయి. ఎడ్విన్ లాక్ అనే ఆయన 1968లో దీని మీదే ఒక వ్యాసం రాశాడు. "నీ శాయశక్తులా చెయ్యి" అని వదిలేసినదాని కన్నా ఇంత అని తేల్చి చెప్పిన కష్టమైన లక్ష్యం మనిషి చేత ఎక్కువ పని చేయిస్తుందని చూపించాడు. కాని ఆయన కథలో చివర కోటీశ్వరులు రారు. ట్రైనర్లకు ఎక్కదు.

తరవాత ఆటలు. మొదటి ఆట తాడు గుంజుడు. ఏ సెక్షన్ ఇటు, బీ సెక్షన్ అటు. కింద నున్నటి టైల్స్. అందరినీ బూట్లు విప్పించారు, సాక్సులతో నిలబెట్టారు. విజిల్ పడగానే రెండు జట్లూ గుంజడానికి బదులు జారడం మొదలుపెట్టాయి. నలభై మంది పిల్లలు తాడు పట్టుకుని ఐసు మీద బాతుల్లా తేలుతుంటే ట్రైనర్ గారు "టీమ్ వర్క్! టీమ్ వర్క్!" అని ఊపిరాడకుండా అరుస్తున్నారు. ఏ సెక్షన్ గెలిచింది. బీ సెక్షన్‌కు కాళ్ళు తన్నిపట్టడానికి పూలకుండీ లేదు కాబట్టి ఓడింది.

మనవడు చెమట లేకుండా వచ్చి నా పక్కన కూలబడ్డాడు.

"మస్తు గుంజినవారా?" అన్నాను.

వాడు అటూ ఇటూ చూసి చెవిలో చెప్పాడు. "నేను పట్టుకున్న గంతే తాతా. గుంజలే. ఎనకున్నోళ్ళు గుంజుతున్నరు గదా."

వాడికి తెలియకుండానే వాడు ఒక శాస్త్ర సిద్ధాంతం చెప్పాడు. రింగెల్మాన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజినీరు మనుషుల చేత తాడు గుంజించి బలం కొలిచాడు. 1913లో లెక్కలు అచ్చువేశాడు. ఒక్కడు గుంజితే వచ్చే బలాన్ని నూరు అనుకుంటే, ఎనిమిది మంది కలిసి గుంజేటప్పుడు ఒక్కొక్కడి వాటా సుమారు సగానికి పడిపోయింది. గుంపు పెరిగేకొద్దీ మనిషి తగ్గుతాడు. 1979లో అమెరికాలో లటానే, ఆయన సహచరులు ఇదే సంగతిని మరో రకంగా పరీక్షించారు. తాడు లేకుండా చప్పట్లు కొట్టించారు, కేకలు వేయించారు. గుంపులో కొట్టే చప్పట్లో ఒక్కొక్కడి చప్పుడు తగ్గింది, కేక తగ్గింది. దీన్ని మన ఊళ్ళో "అందరూ ఉన్నారుగా" అంటారు.

అంటే తాడు గుంజుడు, చప్పట్లు, కేకలు అనే మూడూ గుంపులో మనిషి ఎలా పని ఎగ్గొడతాడో రుజువు చేయడానికి వాడిన పనిముట్లు. ప్రపంచంలోని ఆటలన్నిటిలోంచీ ఏరి, సరిగ్గా ఆ మూడింటినే జట్టు స్ఫూర్తి పేర మూడు గంటలు చేయించిన ఆ ట్రైనర్ గారి గురికి దండం పెట్టాలి. మా గోడ వెనక ఇంత కచ్చితమైన గురి కుదరడానికి మాకు ఏళ్ళు పట్టేది.

రెండో ఆట గోపురం కట్టడం. దీని అసలు రూపం ప్రపంచమంతా తెలిసినదే. 20 స్పగెట్టి పుల్లలు, ఒక గజం టేపు, ఒక గజం దారం, 18 నిమిషాల గడువు. కట్టిన గోపురం మీద ఒక మార్ష్‌మాలో నిలబడాలి. టామ్ వుజెక్ అనే ఆయన దీన్ని ఊరూరా ఆడించి 2010లో ఒక ప్రసంగంలో ఫలితం చెప్పాడు. బిజినెస్ స్కూల్ నుంచి అప్పుడే పట్టా పుచ్చుకుని వచ్చినవాళ్ళు అందరికన్నా అడుగున ఉన్నారు. కిండర్‌గార్టెన్ పిల్లలు వాళ్ళకన్నా ఎత్తు కట్టారు. ఎందుకయ్యా అంటే, పట్టా ఉన్నవాళ్ళలో నాయకుడెవరో తేలడానికే సగం సమయం పోతుంది, మార్ష్‌మాలో చివరి నిమిషంలో పైన పెడతారు, కూలుతుంది. పసివాళ్ళు మార్ష్‌మాలోతోనే మొదలుపెడతారు, కూలితే మళ్ళీ కడతారు. ఒకసారి పది జట్లకు పదివేల డాలర్ల బహుమతి ఆశ చూపి ఆడిస్తే పదిలో ఒక్క గోపురమూ నిలబడలేదట. ఐదో తరగతి నుంచే ర్యాంకు ఆశ చూపి చదివించే మన ఊరికి ఈ చివరి వాక్యం ఇంకోసారి వినిపించాలి, కాని ట్రైనర్ గారు ఆ వాక్యం దాకా రాలేదు.

మా హాల్లో స్పగెట్టి బదులు చీపురుపుల్లలు వచ్చాయి. మార్ష్‌మాలో మాత్రం ఆన్‌లైన్లో తెప్పించిన అసలు సరుకే. పొట్లం విప్పగానే ఒక మూల నుంచి "సార్, హలాల్ హై క్యా?" అని ప్రశ్న వచ్చింది. రెండో మూల నుంచి "సార్, వెజ్జా నాన్‌వెజ్జా?" అని ఇంకోటి. ట్రైనర్ గారికి తెలియదు. పొట్లం వెనక సన్నటి అక్షరాలు ఆరుగురు పిల్లలు తలలు కలిపి చదివారు. జెలటిన్ అని ఉంది. జెలటిన్ దేనితో చేస్తారో సైన్సు పుస్తకం నుంచి ఒక పిల్ల చెప్పింది. హాలు మొత్తం, రెండు సెక్షన్లూ, అన్ని ఇళ్ళ పిల్లలూ, ఒక్క గొంతుతో "ఛీ" అన్నారు. ఆ పూట జరిగిన జట్టు నిర్మాణం అంతా ఆ ఒక్క అక్షరంలో జరిగింది. దానికి ట్రైనర్ గారి బాధ్యత ఏమీ లేదు. మార్ష్‌మాలోల స్థానంలో సమోసాల పళ్ళెంలోంచి ఉల్లిపాయ ముక్కలు పెట్టారు.

తరవాత లక్ష్య పత్రాలు పంచారు. ప్రతి లక్ష్యమూ స్మార్ట్‌గా ఉండాలన్నారు. ఈ మాట 1981లో జార్జ్ డోరన్ అనే ఆయన ఒక మేనేజ్‌మెంట్ పత్రికలో రాసిన చిన్న వ్యాసంలోది. మేనేజర్లు లక్ష్యాల పేరుతో గాలిమాటలు రాయకుండా ఉండటానికి రాశాడు. ఏం చేయాలో తేటగా ఉండాలి, కొలవగలగాలి, ఎవరు చేయాలో తెలియాలి, అయ్యే పని అయి ఉండాలి, ఎప్పటికో చెప్పాలి. ఇంతే. మేనేజర్లకు పెట్టిన ముక్కుతాడు పదమూడేళ్ళ పిల్లల మెడకు ఎలా వచ్చిందో గాని, వచ్చింది.

పత్రం మీద "నా లక్ష్యం" అని పెద్దక్షరాలు. దాని కింద మూడు గళ్ళు. ఐఐటీ. నీట్. ఇతరములు. టిక్కు పెట్టాలి.

ముప్పై ఎనిమిది మంది మొదటి రెండు గళ్ళలో టిక్కు పెట్టారు. ఒక పిల్ల రెండిట్లోనూ పెట్టింది, అమ్మ ఒకటి అంటుంది, నాన్న ఇంకోటి అంటాడని. మా పక్క వీధి పిల్లవాడు ఒకడు ఇతరములులో పెట్టి పక్కన పెన్సిలుతో ఇలా రాశాడు: "ఈ ఆదివారం పొద్దుగాల 7 గంటలకు బార్కస్ పోరగాళ్ళ మీద గెలవాలె. నేను కీపర్. ఒక్క గోల్ కన్న ఎక్కువ పోనియ్య."

నేను ఆ కాగితం కళ్ళారా చూశాను. పని తేటగా ఉంది. కొలతకు అంకె ఉంది. ఎవరు చేయాలో ఉంది. బార్కస్ పిల్లల బూటు దెబ్బ తెలిసినవాడు కాబట్టి ఒక గోలు మినహాయింపు కూడా పెట్టుకున్నాడు, అంటే అయ్యే పనే రాశాడు. రోజు, గంట ఉన్నాయి. డోరన్ చూసి ఉంటే నెత్తిన పెట్టుకునేవాడు. ట్రైనర్ గారు చదివి, వాడి బుగ్గ గిల్లి, "సీరియస్‌గా రాయి నాన్నా" అని కొత్త కాగితం ఇచ్చారు.

ఇక తెర మీద కలాం గారు వచ్చారు. రాక తప్పదు కదా. కంచన్‌బాగ్‌లో లక్ష్యం మీద ప్రసంగించి కలాం గారి బొమ్మ వేయకపోతే కరెంటాఫీసు వాళ్ళు ఫీజు పీకేస్తారేమో. "ఆయన కల కన్నారు! క్షిపణి ఎగిరింది!" అన్నారు ట్రైనర్ గారు. చప్పట్లు. లటానే చప్పట్లు.

కలకూ ఎగరడానికీ మధ్య ఏముందో నాకు కాస్త తెలుసు. కాగితాల్లో అచ్చయినంత వరకే చెబుతాను. కలాం గారు 1982లో డీఆర్‌డీఎల్‌కు డైరెక్టరుగా వచ్చారు. 1983లో ఐదు క్షిపణుల పథకం మొదలైంది: పృథ్వి, త్రిశూల్, ఆకాశ్, నాగ్, అగ్ని. అగ్నిని మొదట 1989 ఏప్రిల్ 20న ఎగరేయాలనుకున్నారు. ఆఖరి క్షణాల్లో కంప్యూటరు ఆపేసింది. మే 1న మళ్ళీ పెట్టుకున్నారు, మళ్ళీ ఆగింది. పత్రికలు కార్టూన్లు వేసి ఆడుకున్నాయి. మే 22న ఎగిరింది. అదే పథకంలోని త్రిశూల్‌ను 2008లో మూసేశారు. నాగ్‌కు చివరి పరీక్షలు ముగిసేసరికి 2020 అక్టోబరు వచ్చింది. 1983లో దాని మీద చేయి వేసిన కుర్రాళ్ళు అప్పటికి పెన్షనర్లు. అంతకు ముందు ఇస్రోలో ఉన్నప్పుడు 1979 ఆగస్టు 10న కలాం గారి రాకెట్ బంగాళాఖాతంలో పడితే విలేకరుల ముందుకు ఆయన్ని పంపకుండా సంస్థ అధిపతి సతీశ్ ధవన్ తానే వెళ్ళి మాట పడ్డాడు. మరుసటి ఏడు జూలై 18న అదే రకం రాకెట్ ఎగిరినప్పుడు మాత్రం కలాం గారినే ముందుకు తోశాడు. ఈ సంగతి కలాం గారే జీవితాంతం చెప్పుకున్నారు.

మా బడిలో దీన్ని తిరగేసి అమలు చేస్తారు. ర్యాంకు వస్తే ఫ్లెక్సీ మీద ప్రిన్సిపాల్ ఫొటో పెద్దది. తప్పితే పిల్లవాడి తల్లిని పిలిపిస్తారు.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

తెర నల్లబడింది, మైకు చచ్చింది, ఏసీ మూలిగి ఆగింది. జెనరేటరు తాళం ఉన్నవాడు బజారుకు వెళ్ళాడట. మైకు లేని ట్రైనర్ గారు ఒక్కసారిగా మనలాంటి మామూలు మనిషయ్యారు. పిల్లలు గోల మొదలుపెట్టారు. ఆయన "సైలెన్స్" అంటే ఈసారి నిజంగానే ఎవరికీ వినపడలేదు.

అప్పటిదాకా వాటర్ బాటిళ్ళు పంచుతూ వెనక నిలబడ్డ పీటీ సార్ మెడలో విజిల్ ఎత్తి ఒక్కసారి ఊదాడు. నాకు బయట ఏ బస్సు వెనక్కి వచ్చిందోనని భయమేసింది. "ఎనిమిది మంది రండిరా! లైన్ల కూసోండ్రి! ఒకడు ఇటు మొకం, ఒకడు అటు మొకం!" అన్నాడు. కుర్చీలు రెండు అటూ ఇటూ స్తంభాలకు బదులు పెట్టించాడు. బూట్లు మళ్ళీ వేసుకోమన్నాడు, జారకుండా.

ఖోఖో.

ఈ ఆట చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. చూడనివాళ్ళు మన బడుల్లోనే పెరుగుతున్నారు కాబట్టి చెప్పాలి. తరిమేవాడు ఒక్కడు, కూర్చున్నవాళ్ళు ఎనిమిది మంది. పారిపోయేవాడు కూర్చున్నవాళ్ళ మధ్యలోంచి ఎటైనా దూరి పోవచ్చు. తరిమేవాడికి ఆ హక్కు లేదు. ఒక దిక్కు పట్టాక వెనక్కి తిరగడానికీ లేదు. వాడు ఎంత వేగంగా ఉరికినా ఒంటరిగా ఏమీ చేయలేడు. పారిపోయేవాడు అవతలి పక్కకు దూకాడా, అటు మొహం పెట్టి కూర్చున్నవాడి వీపు తట్టి "ఖో" అనాలి. అన్న మరుక్షణం వాడి ఉరుకు ముగిసింది. తట్టించుకున్నవాడి చోట గొంతుకూర్చోవాలి. ఇందాకటిదాకా వీరుడు, ఇప్పుడు కూర్చున్నవాడు. కూర్చున్నవాడికీ నిద్రపోయే వీలు లేదు. ఏ క్షణాన వీపు మీద చెయ్యి పడుతుందో తెలియదు. "ఎనకున్నోళ్ళు చూసుకుంటరు" అనే మాటకు ఈ ఆటలో చోటు లేదు, వెనక ఉన్నవాడివి నువ్వే.

నా మనవడు రెండో ఖోకే లేచాడు. తాడు పట్టుకుని ఊరికే నిలబడ్డ ఆ పిల్లవాడే కుర్చీ చుట్టూ తిరిగేటప్పుడు మోచెయ్యి గీరుకుపోయినా చూసుకోలేదు. ఎత్తుగా ఉన్న ఏ సెక్షన్ అబ్బాయి దొరికేలా ఉన్నాడు, అందుకునే దూరంలో ఉన్నాడు. వీడికి చప్పట్లు దక్కే సమయం. అవతలివాడు గిరుక్కున అటు దూకాడు. వీడు అర క్షణం ఆగి, ఎదురుగా కూర్చున్న సన్నటి పిల్ల వీపు తట్టి "ఖో" అన్నాడు. ఆ పిల్ల లేచి రెండడుగుల్లో పట్టేసింది. సెక్షన్లు కలగలిసిపోయాయి, ఎవరు ఏ, ఎవరు బీ అన్నది ఎవరికీ గుర్తు లేదు. పీటీ సార్ మొహం అలా వెలగడం నేను బస్సుల దగ్గర ఎప్పుడూ చూడలేదు.

పదిహేను నిమిషాలకు కరెంటొచ్చింది. మైకు బతికింది. "దట్ ఈజ్ ద ఎనర్జీ ఐ వాంట్!" అన్నారు ట్రైనర్ గారు, తానే పంపిన కరెంటులా. పీటీ సార్ మళ్ళీ బాటిళ్ళ దగ్గరికి పోయాడు.

సర్టిఫికెట్లు పంచుతుండగా, బాటిళ్ళ దగ్గర నిలబడ్డ పీటీ సార్‌ను చూస్తే నాకు సయ్యద్ అబ్దుల్ రహీం గుర్తుకొచ్చాడు. కంచన్‌బాగ్ నుంచి పట్టుమని పది కిలోమీటర్లు లేదు ఆయన పాఠాలు చెప్పిన బడులకు. కాచిగూడలో చెప్పాడు, చాదర్‌ఘాట్‌లో చెప్పాడు. బడిపంతులు. డ్రిల్లు మాస్టారు చదువు కూడా చదివాడు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టును తయారు చేశాడు. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు వాళ్ళదే. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవాళ్ళు యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యారు. ఆ జట్టుకూ కోచ్ ఈయనే. నాలుగేళ్ళ తరవాత 1956లో మెల్‌బోర్న్‌లో అదే మనవాళ్ళు ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డ మీదే 4-2తో కొట్టి సెమీఫైనల్‌కు వెళ్ళారు. నాలుగో స్థానం. 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం. తలకు కుట్లు పడ్డ జర్నైల్ సింగ్‌ను డిఫెన్స్‌లోంచి తీసి ముందుకు పంపితే ఫైనల్లో ఆయనే గోలు కొట్టాడు. అప్పటికి రహీం గారి ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ ఉంది. మరుసటి ఏడు జూన్‌లో పోయాడు.

ఆయన జట్టు స్ఫూర్తి ఎలా నేర్పాడంటే, పోటీలకే వింత నియమాలు పెట్టేవాడు. బంతిని కాళ్ళ దగ్గర పెట్టుకుని ఒక్కడే తోలుకుపోకూడదు, పక్కవాడికి ఇవ్వాల్సిందే. ఇంకో పోటీలో వాటం లేని కాలితోనే తన్నాలి. ప్రసంగం లేదు, తెర లేదు. నియమం మార్చి బంతి వాళ్ళ మధ్య పడేస్తే పక్కవాణ్ణి చూడక చస్తారా? గోల్ సెట్టింగ్ అనే మాటకు ఈ ఊళ్ళో మొదటి హక్కుదారు ఆయనే. నిజంగా గోల్ పోస్టులు పాతి నేర్పాడు. ఇవాళ ఆయన మా బడిలో ఉద్యోగానికి వస్తే బస్సులు రివర్స్ చేయించమంటారు.

వెళ్ళేముందు అభిప్రాయ పత్రం ఇచ్చారు. "శిబిరం ఎలా ఉంది?" అని ప్రశ్న. బాగుంది, చాలా బాగుంది, అద్భుతం అని మూడు గళ్ళు. నేను గళ్ళ పక్కన "ఖోఖో బాగుంది" అని రాశాను. కాగితాలు పోగుచేసే అమ్మాయి చదివి, "అంకుల్, ఖోఖో మా ప్రోగ్రాంలో లేదు" అంది.

అందరికీ టోపీ పెట్టి పంపారు. నేనేమీ శ్లేషించడం లేదు. తెల్ల టోపీ, ముందు "నేనే నా లక్ష్యం" అని నీలం అక్షరాలు. జట్టు స్ఫూర్తి శిబిరంలో పంచిన టోపీ మీద "నేనే" అని ఉండటం ఏ పిల్లకూ వింతగా తోచలేదు.

ఆదివారం పొద్దున ఆరున్నరకే మనవడు లేచాడు. బడి రోజున వీణ్ణి లేపడానికి ఇద్దరు కావాలి. వెనకాలే నేనూ నడిచాను, పాలపాకెట్టు సాకుతో. కాంపౌండు గోడ పక్కన, ఎవరిదో కేసులో ఉన్న ఖాళీ జాగా. ముళ్ళకంప ఒక పక్క, రోడ్డు పని వాళ్ళు వదిలిన కంకర ఒక పక్క. బార్కస్ పిల్లలు అప్పటికే వచ్చి ఒకరి మీద ఒకరు బంతి తన్నుకుంటున్నారు.

మన కీపర్ జేబులోంచి రెండు టోపీలు తీశాడు. మనవడు ఇంకో రెండు. కీపర్ ఎనిమిది అడుగులు లెక్కపెట్టి ఇటు రెండు పెట్టాడు, అవతలి కొసకు పోయి అవే ఎనిమిది అడుగులు కొలిచి అటు రెండు పెట్టాడు. గాలికి ఎగరకుండా ఒక్కో దాంట్లో ఒక్కో కంకరరాయి. బార్కస్ కెప్టెన్ వచ్చి తన అడుగులతో మళ్ళీ కొలిచాడు. వాడి కాళ్ళు పొడుగు, ఏడున్నరకే సరిపోయింది. ఎవరి అడుగు లెక్క అనే దగ్గర పది నిమిషాలు తగువు. చివరికి ఒకడి అడుగుతో ఈ పక్క, ఇంకొకడి అడుగుతో ఆ పక్క కొలిచి, సగం ఆటయ్యాక జాగాలు మార్చుకుందామని తేల్చారు.

ఆట మొదలైన కాసేపటికే బార్కస్ పొట్టివాడు తన్నిన బంతి టోపీ అంచుకు తగిలి, టోపీని ఎగరేసుకుంటూ పోయింది. లోపలినుంచి పోయిందని వాళ్ళు, బయటినుంచి పోయిందని వీళ్ళు. "గోలే!" "కాదురో!" "మా అమ్మ తోడు!" "నీ టోపీయే నువ్వే జరిపినవ్!" పాలపాకెట్టుతో నిలబడ్డ నన్ను చూసి ఇరవై రెండు గొంతులూ ఒక్కసారిగా లేచాయి.

"తాతా! నువ్వు చెప్పు. గోలా, కాదా?"

నేను అప్పుడు కంకర కుప్ప మీద ఒక బుడతడి చెప్పు వెతికిపెడుతున్నాను. చూడలేదని చెప్పాను. వాళ్ళు నన్ను వదిలేసి మళ్ళీ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు.

కీపర్ దుమ్ములోంచి టోపీ తీసి, దులిపి, రాయి వెతికి లోపల పెట్టి, పాత గుర్తు మీదే మళ్ళీ నిలబెట్టాడు. "సరే, గోలే పో," అన్నాడు. "నాకు ఒకటి మాఫ్ ఉండె. గది అయిపోయింది. ఇగ రానియ్య."